పరాయి పెన్‌డ్రైవ్‌లు వద్దంటే నా పని జరగదు. ఇంటి కంప్యూటర్‌ను కాపాడుకునేది ఎలా?

బైరాగిపట్టెడ టైపిస్టు:

నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనే సిద్ధాంత గ్రంథాలు టైపు చేస్తున్నాను. మా ఊళ్లో విశ్వవిద్యాలయాలకు కొదవ లేదు కాబట్టి పనికీ కొదవ లేదు. తెలుగు, సంస్కృతం, చరిత్ర, అప్పుడప్పుడు జంతుశాస్త్రం (కప్పల లాటిన్ పేర్లు టైపు చేయడం ఒక శిక్ష). నా కంప్యూటర్ 2014లో విడిభాగాలు కొని కూర్పించుకున్నది. అందులో విండోస్ 7, పుటలు కూర్చే పేజ్‌మేకర్, పాతకాలపు తెలుగు ఖతుల (ఫాంట్ల) సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఆ చివరి రెండూ కొత్త విండోస్‌లో మొరాయిస్తాయని విన్నాను. అందుకే ఇన్నాళ్లూ దాని జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

గత నెల ఒక విద్యార్థి పెన్‌డ్రైవ్ తెచ్చాడు. తెరిస్తే ఫోల్డర్లేవీ లేవు. ఆ పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక షార్ట్‌కట్ మాత్రం ఉంది, మూలన చిన్న బాణం గుర్తుతో. దాన్ని నొక్కితే అధ్యాయాలన్నీ కనిపించాయి. హమ్మయ్య అనుకుని పని మొదలుపెట్టాను.

పది రోజుల తరువాత ఇంకో అమ్మాయి తన గ్రంథం ప్రతులు తీయించుకోవడానికి జిరాక్సు దుకాణానికి వెళ్లింది. అక్కడి మనిషి పెన్‌డ్రైవ్ పెట్టీ పెట్టగానే పీకేసి, "ఎక్కడ టైపు చేయించారు? దీని నిండా వైరస్" అన్నాడట. ఆ అమ్మాయి నా పేరు చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది, నా దగ్గర చేయించిన మాట నిజమే కదా! దుకాణంలో అప్పుడు నా పాత విద్యార్థులు ఇద్దరున్నారట. ఇన్నేళ్లలో నా పనిలో అక్షరదోషం ఉందని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు మా ఇంటి నుంచి రోగం పంచుతున్నానన్న పేరు వచ్చింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఎక్కడ చదివినా ఒకటే సలహా కనిపిస్తోంది. తెలియనివాళ్ల పెన్‌డ్రైవ్ పెట్టవద్దట. బస్సు కండక్టరుకు తెలియనివాళ్లను ఎక్కించుకోవద్దని చెప్పినట్టుంది. మా అక్క కొడుకు వచ్చి ఏదో ఉచిత యాంటీవైరస్ వేసి వెళ్లాడు. అప్పటి నుంచి పది నిమిషాలకోసారి "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, డబ్బు కట్టండి" అని తెర మూలన పైకి లేస్తోంది. అది కాపలా కాస్తోందో, అదే దొంగో నాకు తెలియడం లేదు.

ఆ కంప్యూటర్‌లో పదహారు మంది గ్రంథాలు ఉన్నాయి. ఇద్దరివి వచ్చే నెల సమర్పించాలి. పెన్‌డ్రైవ్‌లు రోజూ వస్తూనే ఉంటాయి, నేను ఆపలేను. ఏం చేయాలో మీ ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పినట్టు చెప్పండి. "ఫార్మాట్ చేయండి" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయేవాళ్లు దయచేసి రాయవద్దు.

పెంగ్విన్ ప్రియుడు:

ఆంటీ, విండోస్ తీసేసి లైనక్స్ వేసుకోండి. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. రెండేళ్లుగా అదే వాడుతున్నాను, ఒక్క వైరస్ కూడా రాలేదు. పైగా ఉచితం.

బైరాగిపట్టెడ టైపిస్టు:

నాయనా, అందులో పేజ్‌మేకర్ నడుస్తుందా? నా పాత ఖతుల్లో ఒత్తులు కుదురుగా పడతాయా?

పెంగ్విన్ ప్రియుడు:

నేరుగా నడవదు ఆంటీ. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపించడానికి వైన్ అని ఒకటి ఉంది. దానితో ప్రయత్నించి చూడవచ్చు.

బైరాగిపట్టెడ టైపిస్టు:

ఆ పేరు మా ఇంట్లో పలకడమే కష్టం. ముందు గ్రంథాలు ఒడ్డున పడనీ.

చిత్తూరు పాత క్యాషియర్:

అమ్మా, మీకు పట్టింది చిన్న పీడ. నాకు పట్టింది పెద్దది, అందుకే రాస్తున్నాను. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో మా మనవడు ఏదో ఆట కావాలని పేచీ పెట్టాడు. డబ్బు కట్టకుండా ఆడుకునే దొంగ ప్రతి ఎక్కడో వెతికి దించాడు. అది ఎక్కించాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమని అందులోనే రాసి ఉంది. ఆపాడు. కన్నం వేసేవాడు ముందుగా కుక్కను కట్టేయమని అడిగితే మనం కట్టేసినట్టు!

కాసేపటికి తెర మీద విండోస్ అప్‌డేట్ అవుతోందని ఒక పెట్టె వచ్చింది. అప్‌డేట్ మంచిదే కదా అని నేను కాఫీ తాగడానికి వెళ్లాను. అది అప్‌డేట్ కాదు. ఆ ముసుగు వెనక నా ఫైళ్లకు ఒక్కొక్కటిగా తాళం పడుతోంది. తిరిగి వచ్చేసరికి ప్రతి ఫైలు పేరు చివర నాలుగు అర్థం లేని అక్షరాల తోక, ప్రతి ఫోల్డర్‌లో ఒక చీటీ. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు స్పందిస్తే సగానికి సగం తగ్గించి 490కే ఇస్తారట. బాకీదారులకు జీవితమంతా నోటీసులు పంపినవాణ్ణి, అంత మర్యాదగా రాసిన నోటీసు నాకు రావడం అదే మొదలు.

కట్టలేదు. కట్టినా తాళం తీస్తాడన్న హామీ ఏముంది? వీధి చివర ఉన్న కుర్రవాడు ఒకతను మా అమ్మాయి పెళ్లి వీడియోను చాలావరకు బాగుచేశాడు. ఆ రకం దొంగ ప్రతి ఫైలులోనూ మొదటి 150 కిలోబైట్ల మేరకే గజిబిజి చేస్తాడట. వీడియో పెద్దది కాబట్టి మిగిలిన భాగం దక్కింది. ఫోటోలు రాలేదు.

అసలు బాధ ఇక్కడుంది. నా దగ్గర బ్యాకప్ ఉంది. విడిగా హార్డ్ డిస్కు కొని, ప్రతి నెలా ఒకటో తేదీన నకలు తీసేవాణ్ణి. కానీ ఆ రోజు అది కంప్యూటర్‌కే తగిలించి ఉంది. దానికీ తాళం పడింది. బ్యాంకు ఖజానాకు రెండు తాళంచెవులు, అవి ఇద్దరి దగ్గర ఉంటాయి. ఉద్యోగంలో ఆ నియమం ఒక్కనాడు తప్పనివాణ్ణి ఇంట్లో రెండు చెవులూ ఒకే మేకుకు వేలాడదీశాను.

మీరు ఈ రాత్రికే ఆ పదహారు గ్రంథాలనూ ఇంకో డిస్కులోకి ఎక్కించి, ఊడదీసి బీరువాలో పెట్టండి. మిగతావి తరువాత చూడవచ్చు.

గ్రీమ్స్‌పేట రిపేరు షాపు:

సార్ చెప్పినది అక్షరాలా నిజం, కానీ ఈ రాత్రికే వద్దు అక్కా. రోగం ఉన్న కంప్యూటర్‌కు కొత్త డిస్కు తగిలిస్తే దానికీ అంటుకుంటుంది. ఒక్క రోజు ఆగండి. ఈలోగా దానిలో ఏ పెన్‌డ్రైవ్ పెట్టవద్దు, ఇంటర్నెట్ తీగ తీసేయండి.

నేను చిత్తూరులో పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మీకు వచ్చినది మా షాపులో జలుబులాంటిది, కనిపించని వారం ఉండదు. అది ఫైళ్లను చెరపదు, తాళం వేయదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ దాచిపెట్టిన ఒక ఫోల్డర్‌లోకి నెట్టేసి, బయట ఒక షార్ట్‌కట్ పెడుతుంది. మీరు దాన్ని నొక్కినప్పుడు రెండు పనులు జరుగుతాయి. ముందు పురుగు కంప్యూటర్‌లోకి దూకుతుంది, ఆ వెంటనే మీ ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఫైళ్లు కనిపించాయి కదా అని మీకు అనుమానం రాదు. దాని తెలివంతా అదే. ఇక అప్పటి నుంచి కంప్యూటర్ వెలిగించిన ప్రతిసారీ అదీ మేలుకుంటుంది, పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుకుంటుంది. చాలామంది పెన్‌డ్రైవ్‌ను శుభ్రం చేయించుకుని వెళ్లిపోతారు, మళ్లీ నాలుగో రోజున వస్తారు. పుట్ట ఇంట్లో ఉంచుకుని గుమ్మంలో పాము కోసం వెతికితే ఏం లాభం?

కాబట్టి మీరు ఆ విండోస్‌ను మేలుకొలపకుండా గ్రంథాలు బయటికి తీయాలి. ఇక్కడ పెంగ్విన్ తమ్ముడు పనికొస్తాడు. తమ్ముడూ, లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసి అక్క ఇంటికి వెళ్లు. కంప్యూటర్‌ను దానితోనే వెలిగించు, లోపల ఏదీ ఇన్‌స్టాల్ చేయవద్దు. విండోస్ నిద్రలో ఉంటే పురుగూ నిద్రలోనే ఉంటుంది. అప్పుడు కొత్త డిస్కు తగిలించి వర్డ్ ఫైళ్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, బొమ్మలు, పీడీఎఫ్‌లు మాత్రమే తీసుకో. షార్ట్‌కట్‌లు, ఈఎక్స్ఈ, వీబీఎస్ తోకలున్నవి (అవి నొక్కితే నడిచే ప్రోగ్రాములు) ఒక్కటి కూడా వద్దు. పదహారు పేర్లూ అక్క ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, లెక్క సరిపోయాకే డిస్కు తీయండి.

ఆ తరువాత మీరు వినకూడదనుకున్న మాట వద్దకు వస్తాం. అయితే ఫార్మాట్ చేయకుండానే పని జరుగుతుంది. పాత హార్డ్ డిస్కు విప్పి పక్కన పెట్టండి. కొత్తగా ఒక ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే రకం డిస్కు) వేసి, దానిలో మళ్లీ విండోస్ 7, పేజ్‌మేకర్, మీ ఖతులు ఎక్కించండి. ఏదైనా మరిచిపోయామని తరువాత తెలిస్తే పాత డిస్కు ఉండనే ఉంటుంది. కంప్యూటర్ వేగం కూడా పెరుగుతుంది, అది కొసరు. అసలు సీడీలు ఉన్నాయా, లేక అవీ ఎవరో ఇచ్చిన నకళ్లా? నకళ్లయితే సార్ మనవడి ఆట కథే మీదీ అవుతుంది.

విండోస్ 7 మళ్లీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. దానికి మైక్రోసాఫ్ట్ దిద్దుబాట్లు ఇవ్వడం 2020 జనవరి 14తోనే ఆగింది. విండోస్ 10 కూడా 2025 అక్టోబరు 14తో ఆ దారే పట్టింది. విండోస్ 11 వేయాలంటే మదర్‌బోర్డులో టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్తదై ఉండాలి. 2014 నాటి పెట్టె ఆ పరీక్ష దాటదు. అక్కకు కావలసింది పేజ్‌మేకర్, ఇంటర్నెట్ కాదు. కాబట్టి ఏడే ఉండనివ్వండి, కానీ ఇక జన్మలో దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. 2017 మే 12న వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసే పురుగు వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, మన చిత్తూరు జిల్లాలోవి సహా. దాన్ని ఎవరూ నొక్కనక్కరలేదు, నెట్‌వర్క్ వెంట తనంతట తానే పాకింది. మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది మార్చి 14న. రెండు నెలలు గడిచినా వేసుకోనివాళ్లు బలయ్యారు. ఇప్పుడు విండోస్ 7కు ఆ మందు ఇచ్చేవాళ్లే లేరు.

మీ అక్క కొడుకు వేసిన దాని గురించి. కొత్త డిస్కులోకి దాన్ని రానివ్వకండి. విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే కాపలా విండోస్‌లోనే ఉంటుంది, మామూలు ఇంటికి అది చాలు. మీ ఏడుకు మాత్రం, ముందే చెప్పినట్టు, ఇంటర్నెట్ ఇవ్వకపోవడమే కాపలా. దానికి తోడు ఇంకోటి, ఆ రెండూ చాలక మూడోది వేసేవాళ్లు మా షాపుకు వస్తుంటారు. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవు.

బైరాగిపట్టెడ టైపిస్టు:

తమ్ముడూ, చదువుతుంటే ప్రాణం లేచి వచ్చింది. సీడీలు అసలువే. బీరువాలో పట్టుచీరల కింద, కొన్న రసీదుతో సహా ఉన్నాయి. అప్పట్లో అంత డబ్బు పెట్టి కొన్నందుకు మావారు నెల రోజులు సణిగారు. ఈ పూట ఆ రసీదు చూపించి మరీ చదివి వినిపించాను.

కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. కంప్యూటర్ శుభ్రమైన మరునాడు మళ్లీ ఒకరు పెన్‌డ్రైవ్ పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. అప్పుడు?

గ్రీమ్స్‌పేట రిపేరు షాపు:

పాతకాలంలో ఊరి నుంచి ఎవరు వచ్చినా వాకిట్లో చెంబుతో నీళ్లు ఇచ్చేవాళ్లు, కాళ్లు కడుక్కున్నాకే లోపలికి. మీకూ ఒక వాకిలి కంప్యూటర్ కావాలి. ఎవరో మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ చాలు, తెర మీద గీత పడ్డా ఫరవాలేదు. దానిలో విండోస్ తీసేసి తమ్ముడి చేత లైనక్స్ వేయించండి. విద్యార్థుల పెన్‌డ్రైవ్‌లు పెట్టడం దానిలోనే. విండోస్ కోసం రాసిన పురుగు అక్కడ లేవలేదు, షార్ట్‌కట్ నొక్కినా ఏమీ జరగదు. దాచిన ఫైళ్లను చూపించమని మెనూలో ఒకసారి చెబితే అన్నీ పట్టపగల్లా కనిపిస్తాయి. కావలసిన ఫైలు మాత్రం ఏరుకుని, మీ సొంత పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టుకుని దానితో లోపలి కంప్యూటర్‌కు తీసుకెళ్లండి. దానికి ఎర్ర దారం కట్టండి, ఇల్లు దాటించకండి. పని పూర్తయ్యాక పీడీఎఫ్ కూడా ఇదే దారిలో వాకిట్లోకి వచ్చి, విద్యార్థి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాలి. పరాయి పెన్‌డ్రైవ్ మీ అసలు కంప్యూటర్‌ను ఎన్నడూ ముట్టుకోకూడదు.

ఏరేటప్పుడు ఫైలు పేరు కాదు, తోక చూడండి. విండోస్ మామూలుగా ఆ తోకను దాచేస్తుంది. అధ్యాయం 3 అని పేరు, పక్కన వర్డ్ బొమ్మ, వెనక ఈఎక్స్ఈ. ఇలాంటివి నేను చాలా చూశాను. మీ విండోస్‌లో కూడా ఆ తోకలు కనిపించేలా పెట్టించుకోండి.

ఇంకొకటి, ఇది మా వాళ్లలో కూడా కొందరికి తెలియదు. వర్డ్ ఫైలులో మాక్రోలని చిన్న ప్రోగ్రాములు దాక్కుంటాయి. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు వేస్తుంది, ఆ గుర్తు చూసి కొత్త ఆఫీస్ మాక్రోలను ఆపేస్తుంది. 2022 నుంచి ఇది ఉంది. పెన్‌డ్రైవ్‌లలో ఫైళ్ల అమరిక ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతుల్లో ఉంటుంది, వాటిలోకి ఎక్కగానే ఆ గుర్తు రాలిపోతుంది. అంటే ఈమెయిల్‌లో వచ్చినప్పుడు పట్టుబడే ఫైలే పెన్‌డ్రైవ్‌లో వస్తే పెద్దమనిషిలా లోపలికి నడిచి వస్తుంది. పైన పసుపు పట్టీ మీద "ఎనేబుల్" అని కనిపిస్తే నొక్కకండి. సిద్ధాంత గ్రంథానికి మాక్రోతో పని లేదు.

వీలైనవాళ్లను ఈమెయిల్‌లో పంపమనండి. ఈఎక్స్ఈలు, 2017 నుంచి జేఎస్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము) ఫైళ్లు కూడా జీమెయిల్ గుమ్మంలోనే ఆపేస్తుంది. అయితే ఆ ఈమెయిల్ కూడా వాకిలి ల్యాప్‌టాప్‌లోనే తెరవాలి.

సార్, మీకొక మాట. ఆ ఆట వచ్చిన రోజు తరువాత మీ ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చారా?

చిత్తూరు పాత క్యాషియర్:

లేదే. ఫైళ్లకు కదా తాళం పడింది, పాస్‌వర్డ్‌లకు ఏమైంది?

గ్రీమ్స్‌పేట రిపేరు షాపు:

తాళం వేసేవాడు చప్పుడు చేస్తాడు సార్. ఆ రకం దానితో పాటు చప్పుడు చేయని ఇంకొకడు కూడా వస్తుంటాడు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ మూటకట్టి పంపేసి, తాళం వేసేవాడికి దారి ఇచ్చి పోతాడు. ఇన్నేళ్లయినా సరే, ఈ రోజే మార్చండి, ఆ కంప్యూటర్ నుంచి కాదు, ఫోను నుంచి. ఈమెయిల్‌ది మొదట, ఎందుకంటే మిగతావన్నీ దాని ద్వారానే మార్చుకోవచ్చు. ఖాతాలో తేడా కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయండి, గంటలు గడిస్తే డబ్బు చేతులు మారిపోతుంది.

చిత్తూరు పాత క్యాషియర్:

భోజనం మధ్యలో లేచి మార్చాను. ఇంట్లో తిట్లు పడ్డాయి. ఖాతాలో తేడా లేదు.

బైరాగిపట్టెడ టైపిస్టు:

పద్దెనిమిది రోజుల తరువాత రాస్తున్నాను. పెంగ్విన్ బాబు ఆదివారం ఉదయం వచ్చాడు. కాగితం మీద పదహారు పేర్లకూ టిక్కు పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. పదకొండో పేరు దగ్గర ఫైలు కనిపించక నా గుండె ఆగినంత పనైంది, తీరా చూస్తే దాన్ని నేనే వేరే ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. కొత్త ఎస్ఎస్‌డీలో పేజ్‌మేకర్ తెరుచుకుని "శ్రీ" అని పడగానే దండం పెట్టుకున్నాను. బాబుకు ఉలవచారుతో భోజనం పెట్టి, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

వాకిలి ల్యాప్‌టాప్ నిజంగానే వాకిట్లో ఉంది, వరండాలో కుట్టుమిషను బల్ల మీద. మొదటి వారంలో వచ్చిన పెన్‌డ్రైవ్‌లు పందొమ్మిది. ఏడింటిలో అదే షార్ట్‌కట్! అంటే ఇది నా ఒక్కదాని వల్లే పాకింది కాదన్న మాట. కొంచెం మనశ్శాంతి కలిగిందని చెప్పడానికి సిగ్గుపడటం లేదు. ఆ ఏడుగురికీ తెర మీద చూపించి, ఇంటికి వెళ్లి మీ కంప్యూటర్ సంగతి చూసుకోమని చెప్పాను. ఆ అమ్మాయితో కలిసి జిరాక్సు దుకాణానికి నేనే స్వయంగా వెళ్లి, శుభ్రమైన పెన్‌డ్రైవ్ ఇచ్చి వచ్చాను. అతను రెండుసార్లు పరీక్షించి చూశాడు. చూడనివ్వండి.

ఒక చిక్కు మిగిలింది. నెలకోసారి నకలు తీసే డిస్కు బీరువాలోనే ఉంటుంది, సరే. నేను మరిచిపోతే?

గ్రీమ్స్‌పేట రిపేరు షాపు:

నెలకోసారి చాలదు అక్కా, రోజూ టైపు చేసేవాళ్లు మీరు. శుక్రవారం దీపం పెట్టాక డిస్కు తీయండి, నకలు అయ్యాక మళ్లీ లోపల పెట్టండి. రెండు డిస్కులుంటే ఒకటి మీ అక్కగారి ఇంట్లో ఉంచండి, నెలకోసారి మార్చుకోండి. కొడుకును మాత్రం దాని దగ్గరికి రానివ్వవద్దని చెప్పండి.

చిత్తూరు పాత క్యాషియర్:

షాపు బాబూ, ఆదివారం తెరుస్తావా? తాళం పడిన నా డిస్కు ఇంకా అలాగే ఉంది, పారేయడానికి చేయి రాలేదు. మనవడి అన్నప్రాశన ఫోటోలు అందులోనే ఉన్నాయి.

గ్రీమ్స్‌పేట రిపేరు షాపు:

తెరవను, కానీ మీరు వస్తానంటే తెరుస్తాను సార్. పారేయకపోవడం మంచిదైంది. ఆ చీటీ ఫైలు కూడా అందులో ఉండాలి, దాని చివర మీకంటూ ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది టీ1 అని ముగిసిందా, చూసి చెప్పండి. అలా ముగిస్తే, ఆ వేళ దానికి తన సర్వర్ అందక అందరికీ వేసే ఉమ్మడి తాళమే వేసిందన్న మాట. అలాంటి ఉమ్మడి తాళాల్లో కొన్నింటికి తాళంచెవులు దొరికాయి, ఉచితంగానే తీసి చూడవచ్చు. వేరేగా ముగిస్తే నేను చేయగలిగింది తక్కువ. పదిన్నరకు రండి.

చిత్తూరు పాత క్యాషియర్:

కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. టీ1.